జ్వరం సంగతి అడగని జువాలజీ సారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు జగిత్యాలలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, బదిలీల సంగతీ ప్రిన్సిపాళ్ల సంగతీ కాసేపు మాట్లాడి, చివరికి "సార్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదన్నా చెప్పండి" అంటారు. నా దగ్గర చదివి డాక్టర్లయిన పిల్లల గురించి చెబుతానని వాళ్ల ఆశ. ఆ పిల్లలు నా వల్ల డాక్టర్లు కాలేదు, వాళ్ల కష్టంతో వాళ్లయ్యారు. నా వల్లనే జరిగిందని గట్టిగా చెప్పగలిగింది వేరే ఉంది. అది ఎదురుగా కూర్చొని చెబితే వాళ్లకు చాయ్ గొంతు దిగదు, నాకు మాట పెగలదు. అందుకని రాస్తున్నాను.

జగిత్యాల నుంచి రోజూ వెళ్లివస్తూ, కోరుట్లలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా జువాలజీ చెప్పాను. బొమ్మలు బాగా గీస్తానని పేరు. కప్ప గుండెను నల్లబల్ల మీద నాలుగు రంగుల సుద్దముక్కలతో గీస్తే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీలోంచి చూసేవాళ్లు. మూత్రపిండం ఒక్కదానికే మూడు రోజులు తీసుకునేవాణ్ణి. అయితే మానవ ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి నా సుద్దముక్క ఆగిపోయేది. అమ్మాయిలు ఒకవైపు, అబ్బాయిలు ఒకవైపు, వెనక బెంచీల్లో అందరికీ ఒకేసారి దగ్గు. "ఇది అల్కటి పాఠమే, ఇంటికాడ సదువుకోండ్రి" అని పుస్తకం మూసేవాణ్ణి. నాకు చెప్పిన సారూ అట్లాగే మూశాడు. ఆయనకు చెప్పినాయన కూడా అంతే అయి ఉంటాడు. పిల్లలు గైడులో బట్టీపట్టి పరీక్షలో రాసేవాళ్లు. వాళ్ల పేపర్లు దిద్దడానికి ఎంత కావాలో నాకు అంతే తెలుసు.

మా ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడు. ముప్పై దాటి రెండు మూడేళ్లు. తంగళ్ళపల్లి నేతకుటుంబం, చిన్నప్పటి నుంచి సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపిన చేతులు. తెగిన పోగును చూడకుండా ముడివేసే అలవాటు వల్లనేమో, సూక్ష్మదర్శిని అద్దాలను అంత నాజూగ్గా తుడిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు. స్లైడ్ పెట్టి వెలుతురు సరిచేయడంలో నాకంటే అతనే నేర్పరి. ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చే బయటి ఎగ్జామినర్లు అతన్నే లెక్చరర్ అనుకునేవాళ్లు. అతను సిగ్గుపడి నన్ను చూపించేవాడు, నేను కొంచెం అసూయపడి నవ్వేవాణ్ణి.

కాలేజీ వెనకే రెండు గదుల్లో భార్యతో కిరాయికి ఉండేవాడు. ఆమెది రుద్రంగి. వాకిట్లో కూర్చొని బీడీలు చుట్టేది. మాకు రోజూ మధ్యాహ్నం చాయ్ ఆమె దగ్గర నుంచే వచ్చేది. సర్వపిండి చేసిన రోజు నాకు పెద్ద ముక్క వేరే కాగితంలో కట్టి పంపేది. పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. అతని తల్లి తంగళ్ళపల్లి నుంచి వచ్చినప్పుడల్లా ఆ మాట ఇంట్లో మొదలై వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి వచ్చేది. కోడలికి అప్పటికే పరీక్షలన్నీ చేయించారు. ఏ లోపమూ లేదని డాక్టరమ్మ చెప్పినా అత్త నమ్మలేదు.

ఆ ఏడు వానలు మొదలైన కొన్నాళ్లకు అతనికి టైఫాయిడ్ వచ్చింది. రెండు వారాలు మంచం మీదే ఉన్నాడు. నేను రెండుసార్లు చూసివచ్చాను. నూట నాలుగు జ్వరం, ఆమె తడిగుడ్డ మార్చి మార్చి నుదుటి మీద వేస్తోంది. అతను నన్ను గుర్తుపట్టలేదు కూడా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ జ్వరం సంగతి నాకు ఎవరో చెప్పగా తెలిసింది కాదు. నా కళ్లతో చూశాను.

జ్వరం తగ్గి కోలుకున్న నెల రోజులకు అతను ఎవరికీ చెప్పకుండా జగిత్యాల వెళ్లి ఒక ల్యాబులో పరీక్ష చేయించుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం ప్రాక్టికల్ అయిపోయి పిల్లలు వెళ్లాక ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"డాక్టర్‌కు చూపియ్యమన్నరు సార్" అన్నాడు.

"మరి చూపియ్యకపోయినవ్?"

"మీకన్న పెద్ద డాక్టరెవ్వలు సార్? మీరు గదే సబ్జెక్టు చెప్తరాయె."

మా ప్రాంతంలో ఈ అలవాటు ఇప్పటికీ ఉంది. జువాలజీ సారంటే సగం డాక్టరు. రక్తపరీక్ష కాగితాలు, ఎక్స్‌రేలు నా టేబుల్ మీదికి చాలానే వచ్చేవి. వద్దని నేనెప్పుడూ అనలేదు. నిజం చెప్పాలంటే అది నాకు ఇష్టంగా ఉండేది. ఆ రోజు కూడా గంభీరంగా కళ్లజోడు పెట్టుకున్నాను. కాగితంలో ఉన్నది ఒక్క మాటే. శుక్రకణాలు కనిపించలేదు, సున్నా.

ఎన్ని రోజుల కింద జ్వరం వచ్చింది, ఏం మందులు వాడావు, ఇది మొదటి పరీక్షనా, ఇంతకు ముందు ఎప్పుడైనా చేయించావా, ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ విషయం మీద మాట్లాడటమే నాకు ఇబ్బంది. ఎంత త్వరగా అయిపోతే అంత మంచిదనుకున్నాను.

"లేవంటే లేవే. లేనియి ఎక్కడికెళ్లి వస్తయి" అన్నాను.

అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంటిదానికి చెప్పకుండ్రి సార్" అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను. అడగకపోయినా ఆ మాట ఇచ్చేవాణ్ణేమో, అంత తేలిక అనిపించింది.

వారం తర్వాత అతనే మళ్లీ కదిపాడు. "దాన్ని ఇడిసిపెడ్త సార్. ఇంకా ఇరువై ఆరేండ్ల పిల్ల. ఇంకోణ్ని చేసుకుంటే పిల్లలయితరు. నాతోని ఏమున్నది."

"ఎందుకిడిసిపెడ్తున్నవంటే ఏం చెప్తవ్?"

"మాకు పడ్తలేదంట. గంతే."

చదువుతున్న మీకు ఇందులో తిరకాసు వెంటనే కనిపిస్తుంది. నాకు ఆ రోజు కనిపించలేదు. ఎంత పెద్ద మనసు వీడిది అనుకున్నాను. అతను కారణం చెప్పకపోతే ఊరు తనకు తోచిన కారణం చెప్పుకుంటుంది కదా. తంగళ్ళపల్లిలో తల్లి అదే పని చేసింది. కోడలి కడుపు పండదని తేలింది, అందుకే కొడుకు వద్దంటున్నాడని నలుగురికీ చెప్పింది. కుల సంఘం పెద్దలకు కబురు పెట్టింది. కొత్త సంబంధాలు కూడా వెతకడం మొదలుపెట్టింది. అతను కాదనలేదు, అవుననలేదు. నాకూ ఈ సంగతులన్నీ అతని నోటి నుంచే తెలుస్తున్నాయి. నేనూ ఏమీ అనలేదు. వాళ్ల ఇంటి విషయంలో మనకెందుకని ఊరుకున్నాను. ఆ కాగితం చదివేటప్పుడు మాత్రం మనకెందుకు అనుకోలేదు.

అంతలో సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదికి వచ్చిన రోజులవి. బస్సులు డిపోల్లో, ఫైళ్లు ఆఫీసుల్లో ఆగిపోయాయి. మా కాలేజీ గేటుకు తాళం. మేమంతా కోరుట్ల చౌరస్తాలో టెంటు వేసుకొని వంతులవారీగా దీక్షకు కూర్చునేవాళ్లం. ఆమె టెంటు దగ్గరికి కూడా చాయ్ తెచ్చేది. దీక్షలో కూర్చున్న వాళ్లకు ఇవ్వకూడదని తెలుసు కాబట్టి "సార్, మీరు ఇయ్యాల కూసున్నరా, ఊకెనే ఉన్నరా" అని అడిగి మరీ గ్లాసు ఇచ్చేది. ఆమె కళ్లలోకి చూడకుండా గ్లాసు తీసుకోవడం నేర్చుకున్నాను.

బతుకమ్మ పండుగ దగ్గరపడింది. మా వైపు ఆడపిల్లలు పండుగకు తల్లిగారింటికి వెళతారు. ఆమె కూడా బీడీల చాట సర్దుకొని, సంచి పట్టుకొని టెంటు దగ్గరికి వచ్చింది. రుద్రంగి నుంచి తండ్రి ఆటో తెచ్చాడు.

"సద్దుల బతుకమ్మ అయినంక అస్త సార్. అప్పటిదాంక చాయ్ మీరే పెట్టుకోండ్రి" అని నవ్వింది.

తిరిగి తీసుకురావద్దని అత్త అప్పటికే నిర్ణయించింది. దసరా పోయాక పంచాయితీ అని కూడా ఖాయమైంది. అది టెంటులో ఇద్దరికి తెలుసు, అతనికీ నాకూ. ఇద్దరం ఆటో కనుమరుగయ్యే దాకా చేతులు ఊపాం.

మా టెంటుకు నాయకుడు తెలుగు చెప్పే సారు. మంచి గొంతు, అంతకంటే మంచి నోరు. సమ్మె వల్ల పిల్లల చదువు పాడవుతోందని ఎవరూ వేలెత్తి చూపకుండా, రోడ్డు మీదనే పాఠాలు చెబుదామన్నాడు. ఒక్కో రోజు ఒక్కో సబ్జెక్టు. మిగిలిపోయిన పాఠాలు ఏవో చూడటానికి అందరి రిజిస్టర్లు తెప్పించాడు. నా రిజిస్టర్ తిరగేసి నవ్వాడు.

"సార్, గీ ఒక్క పాఠం కింద ఏ సంవత్సరం సుత మీ సంతకం లేదు. గిదే చెప్పుండ్రి."

"అది రోడ్డు మీద చెప్పేటిది కాదు."

"రోడ్డు మీద వంట జేసినం, కబడ్డి ఆడినం, బతుకమ్మ ఆడినం. పాఠమేం పాపం జేసింది?"

అందరూ వింటున్నారు. తప్పించుకోలేకపోయాను. రెండు రోజులు ఇంట్లో కూర్చొని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ పాఠం నిజంగా చదివాను. పేర్ల వరుసగానే నాకు తెలిసిన విషయం అప్పుడు మెల్లగా తెరుచుకుంది. దారంకంటే సన్నని గొట్టాలు. వాటి గోడను ఆనుకొని మూలకణాలు. ఒక మూలకణం రెండుగా చీలుతుంది. అందులో ఒకటి గోడను విడిచిపెట్టదు, మూలకణంగానే ఉండిపోతుంది. రెండోది లోపలికి ప్రయాణం కడుతుంది. రెండూ వెళ్లిపోతే కొన్నాళ్లకు గోడ ఖాళీ. రెండూ ఉండిపోతే పుట్టేదేమీ లేదు. కౌమారంలో మొదలై ముసలితనం దాకా ఈ పని ఆగకుండా జరుగుతుంటుంది. ఇంత చక్కటి విషయాన్ని ఇరవై ఏళ్లు ఎందుకు మింగేశానా అని మొదటిసారి బాధపడ్డాను.

దసరా వెళ్లిన మూడో రోజు నా వంతు. చౌరస్తాలో బల్లకు ఆనించిన నల్లబల్ల. ముందు వరుసల్లో పిల్లలు, వాళ్ల వెనక సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవర్లు, కూరగాయల గంపలతో ఆడవాళ్లు, టెంటువాళ్లు. గొట్టం బొమ్మ గీశాను. మూలకణం గురించి చెప్పడానికి పెరుగు తోడు గుర్తుకొచ్చింది. "గిన్నెల పెరుగంత తిన్నం అనుకోండ్రి, రేపు పాలు దేంతోని తోడువెడ్తరు? జెరంత ఉంచుకుంటరు గదా. లోపల గూడ గట్లనే ఒకటి ఉంచుకొని, ఒకటి పంపుతది" అన్నాను. గంప పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది. పిల్లల దగ్గులు ఆగిపోయాయి.

గోడ విడిచిన కణం ఎన్నోసార్లు చీలడం, తర్వాత నలభై ఆరు క్రోమోజోములు ఇరవై మూడుగా సగమవడం, ఒక్కదాని నుంచి నాలుగు రావడం, చివర్లో ఒళ్లంతా తగ్గించుకొని తోక పెంచుకోవడం, అన్నీ గీశాను. అప్పుడు ఖాకీ చొక్కా డ్రైవర్ ఒకాయన చేయి ఎత్తాడు.

"సార్, మొదలుకెళ్లి తోకొచ్చేదాంక ఎన్ని రోజులు పడ్తది?"

"డెబ్బై రోజుల పైన. ఆ తర్వాత బయటికి వచ్చే సత్తువ రావాలంటే ఇంకో రెండు వారాలు. మొత్తం మూడు నెలలనుకోండ్రి."

"మేం రోజంత ఇంజను పక్కన కూసుంటం. గా వేడికి ఏమన్నయితదా?"

"అయితది. గీ పనికి ఒంటి వేడికంటే తక్కువ వేడి ఉండాలె. అందుకే ఆ అవయవాలు కడుపు బయట ఉన్నయి. ఎక్కువ వేడి తగిలితే నడుమ దశల్ల ఉన్న కణాలు చచ్చిపోతయి. పెద్ద జ్వరమొచ్చినా అంతే. నెల రెండు నెలలు సున్నా సుత రావచ్చు. మూలకణాలు గోడకు బతికుంటే మళ్లీ మొదటి నుంచి..."

అక్కడ ఆగిపోయాను. సుద్దముక్క చేతిలోనే ఉంది. నూట నాలుగు జ్వరం, తడిగుడ్డ, నెల తర్వాత చేసిన పరీక్ష, "లేవంటే లేవే" అన్న నా గొంతు, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. నాకు బీపీ ఎక్కువైందనుకొని తెలుగు సారు కుర్చీ వేసి నీళ్లిచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ఇరవై ఏళ్లలో పాఠానికి చప్పట్లు పడటం అదే మొదలు. ఆ చప్పట్లకు కలిగినంత సిగ్గు నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

పంచాయితీ మర్నాడే. అతను అప్పటికే తంగళ్ళపల్లి వెళ్లాడు. ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. పొద్దున్నే స్కూటర్ తీశాను. రోడ్ల మీద అడ్డుకట్టలు ఉంటాయని తెలుగు సారు మా టెంటు జెండా స్కూటర్‌కు కట్టాడు. ఎక్కడికి, ఎందుకని అడగలేదు. అంత నోరున్న మనిషి ఆ ఒక్కరోజు ఏమీ అడగకపోవడం ఇప్పటికీ మరిచిపోలేను.

కథలాపూర్ దాటి రుద్రంగి చేరేసరికి రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల పొయ్యిలు, వంటలు. తినకుండా పోనియ్యమన్నారు. నిలబడి రెండు ముద్దలు తిన్నాను. వడ్డిస్తున్న ఆమెను ఫలానా వాళ్లిల్లు ఎక్కడని అడిగితే "తండ్రి బిడ్డ పొద్దుగాలనే పంచాయితికి పోయిన్రు సార్. పాపం, పిల్లలు కాలేదని ఇడిసిపెడ్తున్నరట" అంది. ముద్ద మింగి స్కూటర్ ఎక్కాను. చందుర్తి, వేములవాడ, సిరిసిల్ల దాటి తంగళ్ళపల్లి చేరేసరికి పదకొండు.

సంఘం గదికి రెండు వైపులా కరెంటు మగ్గాల షెడ్లు ఉన్నాయి. అక్కడ పుట్టినవాళ్లు ఆ చప్పుడు మీదుగానే మాట్లాడతారు, కొత్తవాళ్లకు అందరూ కొట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నలుగురు పెద్దలు చాప మీద. ఒక గోడకు అతని తల్లి, ఇంకో గోడకు ఆమె, పక్కన తండ్రి. అతను గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. చెయ్యి పట్టుకొని షెడ్డు పక్కకు తీసుకెళ్లాను.

"నేను తప్పు చెప్పిన. గా పరీక్ష జ్వరం తగ్గిన నెలకు జేసిన్రు. అప్పుడు సున్నా రావచ్చు. ఇంకో రెండు నెల్లు ఆగి మళ్ల జేపియ్యాలె."

అతను చెయ్యి విడిపించుకున్నాడు. "మళ్ల సున్నా అస్తే?"

"రావచ్చు. అది నాకు తెల్వది. డాక్టర్ దగ్గరికి పోవాలె. నా దగ్గరికి కాదు."

"ఇప్పుడు ఆగుండ్రి అంటే ఎందుకని అడుగుతరు సార్."

"నిజం చెప్పు."

"నోరస్తలేదు."

"నేను మొదలువెడ్త" అని లోపలికి నడిచాను. పెద్దలు కుర్చీ వేయించారు. కూర్చోలేదు. ఒక తప్పు జరిగింది, అది నాది, తెగతెంపులు ఇయ్యాల చెయ్యకుండ్రి, రెండు నెల్లు ఆగుండ్రి, జ్వరం వల్ల పరీక్ష తేడా వచ్చింది అని గబగబా చెప్పాను. అతని పేరు రాకుండా చెప్పాలన్న తాపత్రయంలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

పెద్దాయన కనుబొమ్మలు ముడివేశాడు. "సారూ, జొరం ఎవ్వలికచ్చింది? మా కోడలికా?"

ఆమె తల ఎత్తింది. అప్పుడు గుమ్మంలో అతను నిలబడ్డాడు. మగ్గాల చప్పుడు ఉండగానే, దగ్గరున్న నలుగురికి మాత్రమే వినబడేంత గొంతుతో "జొరం నాకచ్చింది" అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బొగ్గుగనుల్లో సమ్మె వల్ల ఆ రోజుల్లో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. రెండు షెడ్లూ ఒక్కసారి మూగబోయాయి. పని ఆగిన మగ్గాల దగ్గరి వాళ్లు బయటికి వచ్చి తలుపుల్లో నిలబడ్డారు. అతను వాళ్లందరినీ చూశాడు. అక్కడ ఆపేస్తాడనుకున్నాను.

"పరీక్ష జేసుకున్నది నేను" అన్నాడు, ఈసారి గట్టిగా. "నాల ఏం లేదని రాసిన్రు. ఆమెకు ఏ లోపం లేదు. నేనే చెప్పలే."

తల్లి "ఏందిరా గిది" అని గోడకు జారిపోయింది. భార్య అతన్నే చూస్తూ అడిగింది.

"ఎన్నడెర్కయింది?"

"నెల దాటింది."

"అత్తమ్మ నన్ను గొడ్డుదానన్నప్పుడు నీకెరుకేనా?"

అతను తల ఊపాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "సార్, మీకు సుత ఎరుకనా?"

"ఎరుకే."

"నేను టెంటు కాడికి చాయ్ తెచ్చినప్పుడు?"

"అప్పుడూ తెలుసమ్మా."

ఆమె ముఖం తిప్పుకుంది. తిడితే బాగుండేది.

పెద్దాయన నన్నే అడిగాడు. "అయితే సారూ, పిలగానికి ఉన్నట్టా, లేనట్టా?" ఆ గదిలో అందరూ నా జవాబు కోసం చూశారు. నాకు తెలియదని చెప్పాను. మూలం చెడకపోతే మళ్లీ రావచ్చు, చెడి ఉంటే రాకపోవచ్చు, రెండు నెలలకు ముందు ఎవరూ చెప్పలేరు అన్నాను. సారుగా ఉన్న ఇన్నేళ్లలో నలుగురి ముందు తెలియదన్న మాట నా నోటి నుంచి అదే మొదటిసారి రావడం.

పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. "సరే, రెండు నెల్లు ఆగుదాం. కాయిదం సూసినంక తేల్చుదాం" అన్నాడు పెద్దాయన.

"నన్నెవ్వలు అడుగలే" అంది ఆమె, లేచి కొంగు సర్దుకుంటూ. "ఆగుడు మీ ఇష్టం. నేను రుద్రంగిల ఉంట. అచ్చేది రానిది నేనే చెప్త." తండ్రిని తీసుకొని వెళ్లిపోయింది. ఆ ఎండలో ఆటో దొరకక వాళ్లు మానేరు వంతెన దాకా నడిచారని తర్వాత తెలిసింది. నా స్కూటర్ అక్కడే ఉంది. ఎక్కమని అడిగే ముఖం నాకు లేదు.

సమ్మె ముగిసింది, కాలేజీ తెరిచారు. అతను అద్దాలు తుడిచేవాడు, నేను పాఠాలు చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం చాయ్ ఎవరూ తేలేదు, ఎవరూ అడగలేదు. పంచాయితీ అయి నెల దాటాక ఒకరోజు అతను ల్యాబులోకి వచ్చి "అచ్చింది సార్" అన్నాడు. ఏం వచ్చిందో అర్థం కావడానికి నాకు కొంత సేపు పట్టింది. ఆమె చాట, సంచి తీసుకొని పొద్దుటి బస్సుకు ఒక్కతే దిగిందట. రెండో పరీక్షకు అప్పటికి ఇంకా మూడు వారాలు ఉంది.

ఆ మూడు వారాలూ అయ్యాక ఇద్దరూ జగిత్యాల వచ్చారు. ల్యాబు నుంచి నేరుగా డాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి మా ఇంటికి. ఈసారి కాగితం నా చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు. డాక్టర్ ఏమన్నాడో మీరే చెప్పండ్రి అన్నాను. కణాలు వచ్చాయి, ఉండాల్సినదానికన్నా కొంచెం తక్కువ, మందులు రాశాడు, మళ్లీ రమ్మన్నాడు. అంతకు ముందు నాలుగేళ్లు ఎందుకు కాలేదన్నది డాక్టర్‌కూ తెలియదు. ఆ తర్వాత పిల్లలు పుట్టారా అని మీరు అడుగుతారు. అది వాళ్లింటి సంగతి. ఒకసారి వాళ్లింటి సంగతిలో వేలు పెట్టి ఏం చేశానో పైన రాశాను.

మా ఆవిడ చాయ్ తెచ్చింది. అడగొచ్చో లేదో తెలియకుండానే అతని భార్యను అడిగాను. "కాయితం చూసినంక వస్తవనుకున్న. ముందుగాల ఎట్ల వచ్చినవమ్మా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "కాయిదం సూసినంక అస్తే కాయిదానికి అచ్చినట్టయితది సార్. తంగళ్ళపల్లిల అందరు సూడంగ నిజం చెప్పిండు గదా. గా మనిషి దగ్గరికి అచ్చిన. గని చెప్పకుండ దాసిన మనిషి సుత గీయినే. గది నేను మర్సిపోను. మీది సుత."

వెళ్లడానికి లేచినప్పుడు అతను అలవాటుగా రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి చాచింది.

"గిది నా దగ్గర ఉంటది" అంది.

అతను ఇచ్చాడు. ఆమె దాన్ని చేతిసంచిలో అడుగున పెట్టుకొని, చెప్పులు వేసుకొని ముందు నడిచింది.